చీటీ అక్కరలేని మాత్రకు ఎన్ని గడపలు?

చెన్నై షోలింగనల్లూరులోని మందుల షాపులో ఒక అమ్మాయి గొంతు తగ్గించి మాత్ర పేరు చెబుతుంది. కౌంటరు వెనుక ఉన్న మనిషి ఆమెను ఎగాదిగా చూసి ‘ఇల్లమ్మా’ (లేదమ్మా) అంటాడు. ఎందుకు లేదో చెప్పడు, ఎక్కడ దొరుకుతుందో అంతకన్నా చెప్పడు. రెండో షాపులోనూ, మూడో షాపులోనూ అదే మాట. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో ఉద్యోగానికి వచ్చి చెన్నైలో ఉంటున్న మన ఆడపిల్లలకు ఈ తిరుగుడు కొత్త కాదు. కండోమ్ చిరిగి కంగారుపడే పెరంబూరు ఇల్లాలికీ ఇదే అవస్థ.

ఆ మాత్ర లెవోనార్జెస్ట్రెల్, 1.5 మిల్లీగ్రాములు; రక్షణ లేని కలయిక తర్వాత గర్భం రాకుండా వేసుకునే అత్యవసర గర్భనిరోధక మాత్ర. డాక్టరు చీటీ లేకుండా అమ్మవచ్చని కేంద్రం 2005లోనే అనుమతించింది. తమిళనాడులో దానిపై నిషేధమేమీ లేదు. అయినా చెన్నైలో చాలా షాపులు ఏళ్ల తరబడి దాన్ని తెప్పించడమే మానేశాయి. గర్భస్రావం మాత్రలపై తనిఖీలు గట్టిగా ఉంటాయి. ఆ భయంతో దీన్నీ అదే గాటన కట్టేశారు. ఇది పొరపాటు. ఈ మాత్ర అండం విడుదలను ఆలస్యం చేస్తుంది, అంతే. అప్పటికే నిలిచిన గర్భాన్ని ఇది తొలగించదు. అందుకే కలయిక జరిగిన 72 గంటల్లోపు, వీలైతే మొదటి రోజే వేసుకోవాలి. షాపుల చుట్టూ తిరిగిన ప్రతి పూటా ఆ గడువులోంచే పోతోంది.

మాత్ర దొరకకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. కలయిక జరిగిన అయిదు రోజుల్లోపు గర్భసంచిలో అమర్చే కాపర్-టి వేయించుకోవచ్చు. గర్భం రాకుండా ఆపడంలో అది మాత్రకన్నా గట్టిది, పైగా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘పెళ్లయిందా?’ కావడమే మమ్మల్ని బాధిస్తోంది. గర్భనిరోధకం కోరిన వయోజన స్త్రీ పెళ్లి రుజువు చూపాలని ఏ చట్టమూ చెప్పలేదు. అత్యాచార బాధితురాలికైతే ఏ ఆసుపత్రి అయినా, ప్రైవేటుదైనా సరే, వెంటనే ఉచితంగా చికిత్స చేయాలని నేర విచారణ ప్రక్రియ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ ఆదేశిస్తోంది.

మాత్ర అందుబాటులో ఉంటే పిల్లలు చెడిపోతారనే పెద్దలకు మా మాట ఒక్కటే: అది లేకపోవడం వల్ల ఎవరూ ఆగలేదు, అక్కర్లేని గర్భంతో ఒంటరిగా నలిగిపోయిన వారు మాత్రం ఉన్నారు.

వాడేవారికీ కొంత తెలియాలి. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే మరో మాత్ర కావాలి. మూర్ఛకో క్షయకో మందులు వాడుతుంటే దీని బలం తగ్గవచ్చు; అలాంటి వారికి కాపర్-టి మేలు. నెలసరి వారం దాటినా రాకపోతే పరీక్ష చేయించుకోవాలి. మాత్ర వేసుకున్న తర్వాతి కలయికలకు ఇది రక్షణ కాదు, నెలనెలా వాడే పద్ధతీ కాదు. హెచ్ఐవీ భయం ఉంటే దాని మందులు వేరు, వాటికీ గడువు 72 గంటలే.

ఈ మాత్ర అమ్మడం నేరం కాదని, చీటీ అడగనక్కరలేదని ఔషధ నియంత్రణ అధికారులు షాపులకు రాతపూర్వకంగా చెప్పాలి. తమిళంలో నాలుగు వాక్యాలు, కౌంటరు పక్క గోడకు అంటించేంత కాగితం చాలు.