సెట్ కంటే ముందు లైసెన్స్

ఆన్‌లైన్‌లో హ్యాండ్‌సెట్ (వాకీటాకీ లాంటి చేతి రేడియో) కొనుక్కుంటే హామ్ రేడియో, అంటే అభిరుచి కోసం రేడియోలో ఇతరులతో మాట్లాడటం, మొదలుపెట్టేయొచ్చన్నట్టు మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ వాక్యం సరిచేయండి. మన దేశంలో లైసెన్స్ లేకుండా హామ్ ఫ్రీక్వెన్సీల్లో ట్రాన్స్‌మిట్ చేయడం (సిగ్నల్ పంపడం) నేరం. పైగా ఆ చవక సెట్లలో చాలావాటికి హామ్‌లకు (హామ్ రేడియో వాడేవాళ్లకు) కేటాయించిన బ్యాండ్‌తో పాటు పోలీసులు, ఇతర సర్వీసులు వాడే ఫ్రీక్వెన్సీలు కూడా అందుతాయి. తెలియక బటన్ నొక్కినా అవతల ఎవరి అత్యవసర సందేశానికో అడ్డుపడొచ్చు.

లైసెన్స్ పరీక్ష అంటే టెన్షన్ అక్కర్లేదు. పన్నెండేళ్లు నిండితే చాలు, రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ అనే మొదటి స్థాయి లైసెన్స్‌కు మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) కూడా అవసరం లేదు. కొంచెం ఎలక్ట్రానిక్స్, నిబంధనలు చదివితే సరిపోతుంది. హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, మనవాళ్లకు అదొక వరం.

అసలు కష్టమంతా లైసెన్స్ వచ్చాకే. ముందు వినాలి. ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందా అని అడగాలి. కాల్‌సైన్ (లైసెన్స్‌తో ఇచ్చే గుర్తింపు పేరు) చెప్పాలి. రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని దూరానికి మళ్లీ పంపే స్టేషన్) మీద రెండు మాటల మధ్య కాస్త ఆగాలి, ఎవరైనా ఆపదలో ఉంటే ఆ సందులోనే పిలవగలరు. వ్యాపారం మాటలు, పాటలు పెట్టడం కుదరదు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హామ్ అయిన భారతి ప్రసాద్ గారు అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో వీయూ4ఆర్బీఐ కాల్‌సైన్‌తో ఉన్నారు. ఫోన్లు పనిచేయని అండమాన్ నుంచి క్షేమ సమాచారాలు బయటి కుటుంబాలకు చేరాయంటే, అవతల హామ్‌లు దారి వదిలి ఓపిగ్గా విన్నారు కాబట్టే.