‘వయసు కదమ్మా’ అన్న మాట ఇంకోసారి వినలేను

ఇప్పుడే హాస్పిటల్ నుంచి వచ్చాం. అమ్మ పడుకుంది. నాకు మాత్రం కోపంతో చేతులు ఇంకా వణుకుతున్నాయి.

అమ్మకు 78 ఏళ్లు. షుగర్, బీపీ, పోయినేడు గుండెకు స్టెంట్. నెల రోజులుగా మంచం మీంచి లేస్తే చాలు, కళ్లు తిరుగుతున్నాయి. పొద్దున ఏడింటికి టోకెన్ తీసుకుంటే లోపలికి పిలిచేసరికి పదకొండున్నర. వృద్ధులకు ఆసుపత్రుల్లో వేరే క్యూ ఉండాలని తల్లిదండ్రులు, వృద్ధుల సంక్షేమం కోసం చేసిన 2007 చట్టంలోనే రాసి ఉంది. అమ్మ ముందు 63 టోకెన్లు. లోపల కూర్చోబెట్టి బీపీ చూసి, ‘వయసు కదమ్మా, మామూలే’ అని ఇంకో మాత్ర రాసి పంపేశారు.

అయ్యా, ఆవిడకి కళ్లు తిరిగేది నిలబడ్డప్పుడు! నిలబెట్టి ఒక్కసారి చూడొద్దా? ఇంటికొచ్చి నేనే చూశాను. పడుకున్నప్పుడు పై అంకె 142, లేచిన రెండు నిమిషాలకు 110. 20 తగ్గినా జాగ్రత్తపడాలంటారు.

అసలు సంగతి బయటపెట్టింది మందుల షాపు అబ్బాయి. చీటీలన్నీ కౌంటర్ మీద పరిస్తే, ‘అక్కా, ఇందులోనూ అందులోనూ ఉన్నది ఒకటే మందు, కంపెనీ పేర్లే వేరు’ అన్నాడు. ఎమ్లోడిపిన్. షుగర్ డాక్టర్ రాసిన బీపీ మాత్రలో కలిసి ఉంది, గుండె డాక్టర్ విడిగా మళ్లీ రాశారు. అది ఎక్కువైతే కాళ్లు వాస్తాయి. అమ్మకు వాచాయి. ఆ వాపు చూసి మూడో డాక్టర్ నీరు తీసే మాత్ర రాశారు. దాంతో రాత్రి నాలుగుసార్లు బాత్రూంకి లేవడం, లేచినప్పుడల్లా తూలడం. ఆ తూలుడికి ఈ రోజు ఇంకో మాత్ర! గుండె ఒకరు చూస్తారు, షుగర్ ఒకరు చూస్తారు, కాళ్లు ఒకరు చూస్తారు. మా అమ్మని చూసేదెవరు?

‘వయసు కదా’ అంటే నాకు నాన్నే గుర్తొస్తారు. నిద్ర మాత్రలు మొదలుపెట్టాక ఆయన నడక తేడాగా ఉందని రెండు నెలల్లో నాలుగుసార్లు ఓపీకి తీసుకెళ్లాను. నాలుగుసార్లూ ఇదే మాట. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, వెనక్కొచ్చి కూర్చోమని గడియారం చూస్తే చాలు, 12 సెకన్లు పట్టిందంటే పడిపోయే ప్రమాదం ఉన్నట్టే. దానికి మిషన్ అక్కర్లేదు, స్కానింగ్ అక్కర్లేదు. ఎవరూ నడిపించి చూడలేదు. ఒక రాత్రి బాత్రూం గడప దగ్గర పడ్డారు. తుంటి ఎముక విరిగింది. అప్పుడు మాత్రం అందరూ పరుగెత్తుకొచ్చారు, కార్డు మీద ఆపరేషన్ కూడా అయిపోయింది. నాన్న మళ్లీ లేవలేదు. నాలుగు నెలలు మంచంలోనే ఉండి వెళ్లిపోయారు.

2024లో 70 దాటిన వాళ్లందరికీ ఆయుష్మాన్ కింద 5 లక్షల వైద్యం అన్నారు. మంచిదే, కాదనను. కానీ అది అడ్మిట్ అయితేనే. పడకముందు కాపాడే ఓపీకి అందులో రూపాయి రాదు. మా నాన్నకి కావలసింది ఆ ఓపీ!

ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. మద్రాసు జనరల్ హాస్పిటల్‌లో 1978లోనే ముసలివాళ్లకు విడిగా ఓపీ పెట్టారు. 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమంలో పీహెచ్‌సీలో వారానికో రోజు వాళ్ల కోసమే క్లినిక్, జిల్లా ఆసుపత్రిలో ప్రత్యేక ఓపీ, పది పడకల వార్డు అని రాసుకున్నారు. ఆ క్లినిక్ ఏ రోజో మీ ఊళ్లో అడిగి చూడండి. మా దగ్గర అడిగితే కౌంటర్‌లో మనిషి నా మొహం వంక చూశాడు.

సాయంత్రం గుండె డాక్టర్‌ని ఫోన్‌లో పట్టుకున్నాను. రెండింటిలో ఒకటి ఆపమన్నారు, ఎల్లుండి మందులన్నీ తీసుకుని రమ్మన్నారు. అమ్మ మంచం పక్కనే చాప వేసుకున్నాను. రాత్రి తను లేస్తే పట్టుకోవాలి.