థర్టీ ఫార్టీ సైటు, ఫోర్ కేబీ బ్లాకు

బెంగళూరులో జాగా కేటాయింపు పద్ధతిగా, పది మంది కళ్లెదుట జరిగే చోటు నాకు తెలిసి ఒక్కటే ఉంది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో, ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లను డిస్కులో సర్దే ఏర్పాటు) డిస్కు మీద బ్లాకులు పంచే కోడు అది. ఒక్కో బ్లాకు మామూలుగా 4 కేబీ. ఆ పిసరంత జాగా ఎవరికి, ఎప్పుడు, ఏ వరసలో ఇవ్వాలన్న దాని మీద బెళ్లందూరులోని మా ఆఫీసులో నెలల తరబడి వాదులాటలు నడుస్తాయి. గజం జాగా లక్షలు పలికే ఊళ్లో ఇంత శ్రద్ధ మరెక్కడా కనపడదు. కాబట్టి నగర భూవ్యవహారాలను మొత్తంగా కెర్నెల్ రివ్యూయర్ల (కోడు మార్పులను తనిఖీ చేసేవాళ్ల) చేతికి అప్పగించాలని ఇందుమూలంగా ప్రభుత్వం వారికి మనవి చేసుకుంటున్నాను.

ముందు వాళ్ల రికార్డుల సంగతి చెబుతాను. డిస్కును గ్రూపులుగా కోస్తారు. గ్రూపుకు 32,768 బ్లాకులు, అంటే 128 ఎంబీ. బ్లాకుకో బిట్టు చొప్పున బిట్‌మ్యాప్ ఉంటుంది. బిట్టు ఒకటైతే ఎవరిదో, సున్నా అయితే ఖాళీ. అంతే సంగతి. ఊళ్లో పక్కా ఆస్తులకు ఏ ఖాతా, లొసుగులున్నవాటికి బీ ఖాతా అన్నట్టు ఏ ఖాతా ఒకట్లు, బీ ఖాతా ఒకట్లు అని రెండు రకాలు లేవు. అక్రమంగా కట్టేశాక జరిమానాతో సక్రమం చేసే 'అక్రమ సక్రమ' పథకం కింద అర్జీ పెట్టుకునే కిటికీ లేదు. బిట్‌మ్యాపూ ఐనోడ్ టేబులూ (ఫైళ్ల వివరాల పట్టిక) కూర్చున్న బ్లాకులను పొరపాటున ఏ ఫైలుకైనా రాయబోతే, ఇది ఫైల్‌సిస్టమ్ సొంత జాగా అని కెర్నెల్ అక్కడికక్కడే ఎర్రరు పెట్టి ఆపేస్తుంది.

మనకూ ఇలాంటి ఉమ్మడి జాగాలు ఉండేవి. చెరువులనీ రాజకాలువలనీ (వాన నీళ్లు పోయే పెద్ద కాలువలు) పిలిచేవాళ్లం. 2017 ఫిబ్రవరిలో బెళ్లందూరు చెరువు అంటుకుంది. చెరువు అంటుకోవడమేమిటని బయటి ఊళ్ల చుట్టాలు ఫోన్లు చేసి మరీ అడిగారు. 2022 సెప్టెంబరులో వాన నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసుల్లోకి వస్తే, లక్షల జీతాల ఇంజినీర్లు ట్రాక్టర్లెక్కి డ్యూటీకి పోయారు. ఆ నీళ్ల తాలూకు బ్లాకులు ఎప్పుడు ఎవరికి అలాట్ అయ్యాయో లాగ్ తీసి చూద్దామంటే, ఆ లాగ్ రాసినవాళ్లు ఎవరో కూడా తెలీదు.

రివ్యూ అంటే ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తాను. మా టీములో కడప కుర్రాడొకడు మొన్నామధ్య చిన్న ప్యాచ్ (కోడుకు మార్పు) రాశాడు. బ్లాకులు వెతికేటప్పుడు కెర్నెల్ ఒక గ్రూపును ముందు లాక్ (ఇంకెవరూ ముట్టకుండా వేసే తాళం) లేకుండా ఓ చూపు చూస్తుంది. పనికొచ్చేలా ఉంటే లాక్ పట్టుకుని మళ్లీ చూస్తుంది. ఒకసారి చూసింది మళ్లీ చూడ్డమెందుకు, దండగ అని మనవాడు ఆ రెండో చూపు లేపేశాడు. వేగం ఎంత పెరిగిందో గ్రాఫు కూడా గీశాడు.

లోపల రివ్యూ చేసేది గుంటూరు అన్న. మొదటి కామెంటు సబ్జెక్టు లైను చివర ఫుల్‌స్టాప్ ఎందుకని. రెండోది, ట్యాబ్ ఉండాల్సిన చోట స్పేసులు ఉన్నాయని. మూడోది, ఒక లైను పొడుగైందని.

"80 నుంచి 100 అక్షరాలకు పెంచినారు గదన్నా, 2020లోనే?"

"పెంచారబ్బాయ్. నువ్వు నూట ఒకటి రాశావు."

వేరియబుల్ పేరు బాలేదు. కమిట్ మెసేజ్‌లో (మార్పుకు జతచేసే వివరణలో) 'ఏం చేశాను' ఉంది, 'ఎందుకు చేశాను' లేదు. ఇలా వెర్షన్ మీద వెర్షన్ పోయింది. కుర్రాడికి ఆ వారం అన్నం సహించలేదు. తీరా అన్నీ సరిచేసి పంపితే, అసలు కామెంటు అప్పుడొచ్చింది, ఒక్క లైను: "నువ్వు చూసినదానికీ లాక్ పట్టినదానికీ మధ్య ఇంకో సీపీయూ వచ్చి ఆ జాగా పట్టుకుపోతే?"

ఆ ముక్క మొదటే చెప్పొచ్చు కదా అని పామరులు అడుగుతారు. చెప్పకూడదు. ట్యాబులు సరిగా కొట్టలేనివాడికి రేస్ కండిషన్ (ఒకే జాగా మీద ఇద్దరు ఒకేసారి పడటం) గురించి తెలుసుకునే అర్హత ఇంకా రాలేదని రివ్యూయర్ల సంప్రదాయం. నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

కుర్రాడు మాత్రం ఆ లైను చదివి గమ్మునుండిపోయాడు. వాడు మారతహళ్లిలో ఇల్లు వెతికినవాడు. టు-లెట్ బోర్డు చూసి, లోపల బాత్రూము కూడా చూసి, పది నెలల అడ్వాన్సు కోసం నాయనకు ఫోన్ చేసి వచ్చేలోపు బోర్డు లేదు, ఇల్లూ లేదు. రెండో చూపు ఎందుకో వాడికి ఇంకెవరూ పాఠం చెప్పక్కర్లేకపోయింది.

నిజానికి ఆ కోడు వెతికే తీరు కూడా అచ్చం అదే. అడిగినంత జాగా ఒకే వరసలో, చక్కగా కుదిరిన కొలతలో, పక్క బ్లాకుకు ఆనుకుని కావాలని బయల్దేరుతుంది. దొరక్కపోతే పట్టు కాస్త సడలిస్తుంది. ఇంకో చుట్టులో ఇంకాస్త. ఆఖరికి ఎక్కడ ఏ ముక్క ఖాళీగా ఉంటే అదే మహాప్రసాదం అంటుంది. ఊళ్లోని ఇందిరానగర్ అని మొదలెట్టి ఊరి బయట హోసకోటలో తేలినవాళ్లందరికీ ఈ అల్గారిదమ్ కంఠతా వచ్చు. ఒక్కటే తేడా. ఎక్కడా జాగా లేకపోతే కెర్నెల్ 28వ నంబరు ఎర్రరిచ్చి 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అని మొహం మీదే చెప్పేస్తుంది. బెంగళూరులో జాగా లేదని చెప్పిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. ఇంకో పది కిలోమీటర్లు ముందుకు పదండి సార్, మెట్రో వస్తోంది అంటారు.

లోపాలు లేవని నేననను. ఫైల్‌సిస్టమ్ తయారుచేసేటప్పుడే నూటికి 5 వంతులు రూట్ యూజర్ (సిస్టమ్ మీద సర్వాధికారి) కోసం పక్కన పెట్టేస్తారు. 1 టీబీ డిస్కులో 50 జీబీ. డిస్కు నిండి మామూలు యూజర్లు లబోదిబోమంటుంటే రూటుగారు తాపీగా తన కోటాలో రాసుకుంటారు. ముఖ్యమంత్రి విచక్షణతో పంచిన జీ కేటగిరీ సైట్లు చూసిన ఊరు కాబట్టి దీన్ని ప్రత్యేకంగా వివరించను. కాకపోతే ఈ కోటా ఎంతో ఎవరైనా ఒక్క కమాండుతో చూడొచ్చు, రూటు ఒప్పుకుంటే ఇంకో కమాండుతో సున్నా చేసెయ్యొచ్చు.

ఒకే బ్లాకు రెండు ఫైళ్ల పేరు మీద తేలితే ఏం చేస్తారని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అనుభవం ఉన్నవాళ్లు అడగొచ్చు. ఈ2ఎఫ్‌ఎస్‌సీకే అని ఒక తనిఖీదారుడు ఉన్నాడు. డిస్కంతా తిరిగి, ఇద్దరు యజమానులున్న బ్లాకులన్నీ పట్టుకుని, వాటిని క్లోన్ చేసి ఎవరిది వాళ్లకు ఇస్తానంటాడు. కోర్టు వాయిదాలు లేవు. థర్టీ ఫార్టీ సైటును (30కి 40 అడుగుల స్థలాన్ని) ఇలా క్లోన్ చేసే విద్య రెవెన్యూ శాఖకు వచ్చిందంటే సివిల్ కోర్టుల్లో సగం కుర్చీలు ఖాళీ అవుతాయి.

ఫాలొకేట్ అని ఇంకో ఏర్పాటు ఉంది. రాయకముందే జాగా పట్టుకోవచ్చు. అయితే నువ్వు రాసేదాకా చదివితే సున్నాలే వస్తాయి, పాత యజమాని వదిలేసిన డేటా ఒక్క బైటు కూడా నీ కంటపడదు. ఇల్లు కొన్న మూడో నెలలో పాత యజమాని కరెంటు బకాయి తన పేరు మీద వచ్చినవాడికి దీని విలువ తెలుస్తుంది.

రివ్యూయర్లకు ఊరు అప్పగిస్తే ఒక్క లేఅవుటూ పాసు కాదని, పద్నాలుగో వెర్షన్ దగ్గర ఆగిపోతుందని కొందరి భయం. నాకున్న ఆశ కూడా అదే.

ఇక డిలేడ్ అలొకేషన్. ఫైల్లో రాస్తే కెర్నెల్ సరే అంటుంది గానీ ఏ బ్లాకో అప్పుడే చెప్పదు. తర్వాత తీరిగ్గా, డిస్కు మీదికి నిజంగా పంపేటప్పుడు చూసి ఇస్తుంది. 2009లో దీనివల్లే మెషిన్ క్రాషయ్యాక కొందరి ఫైళ్లు సున్నా సైజుతో లేచి పెద్ద గొడవైంది. దాంతో కొన్ని ప్యాచులు పడ్డాయి. కానీ ఒక నియమం మొదటినుంచీ ఉంది. బ్లాకు నంబరు ఇవ్వకపోయినా, ఖాళీల లెక్కలోంచి ఆ మేరకు ముందే తీసి పక్కన పెట్టాలి. ఉన్నవాటికన్నా ఎక్కువకు మాట ఇవ్వకూడదు. ఆ కౌంటరు జోలికి వెళ్లే ఏ ప్యాచ్ వచ్చినా గుంటూరు అన్న కళ్లజోడు తుడుచుకుని మరీ కూర్చుంటాడు.

ఆ అన్నే రెండేళ్ల కిందట సర్జాపూర్ రోడ్డులో ప్రీ-లాంచ్‌లో ఫ్లాటు బుక్ చేశాడు. నంబరు ఇంకా ఇవ్వలేదు. టవర్ ఏదో కూడా ఖరారు కాలేదు. అగ్రిమెంటు చదివావా అంటే బ్రోకరు మనవాడే, ఒంగోలు అన్నాడు. మొన్న టీ దగ్గర కడప కుర్రాడు అమాయకంగానే అడిగాడు: "అన్నా, మీ బిల్డరు మొత్తం ఎంతమంది దగ్గర అడ్వాన్సు తీసుకున్యాడో యాడన్నా కౌంటరు ఉందా?"

అన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "నీ ప్యాచ్‌లో నలభై రెండో లైన్లో ఇంకా స్పేసులే ఉన్నాయ్. ముందు అది చూడు పో."