‘చెస్ ఆడితే ఐక్యూ పెరుగుతుంది’ అన్న ఫార్వర్డ్‌కు నా జవాబు

ఏటా వేసవి సెలవులు దగ్గరపడగానే ఒక మెసేజ్ వాట్సాప్‌లో తిరగడం మొదలవుతుంది. ఈసారి మా కాలనీ గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. క్లుప్తంగా అందులో ఉన్నది ఇది: చెస్ నేర్పిస్తే నాలుగు నెలల్లో పిల్లల ఐక్యూ పెరుగుతుందని వెనిజులాలో రుజువైంది. లెక్కల్లో మార్కులు వాటంతటవే వస్తాయి. జ్ఞాపకశక్తి రెట్టింపవుతుంది. గ్రాండ్‌మాస్టర్లు కూర్చున్నచోటే రోజుకు 6000 కేలరీలు ఖర్చు చేస్తారు. ఆరేళ్ళలోపు మొదలుపెట్టకపోతే ఇక లాభం లేదు. చివర్లో ‘చాలామందికి తెలియని రూల్స్’ అంటూ మరో రెండు.

నేను ఆదివారాలు మా కాలనీ పిల్లలకు చెస్ నేర్పుతాను. ఈ ఆటంటే నాకు ప్రాణం. అందుకే ఈ మెసేజ్ చూసినప్పుడల్లా బాధేస్తుంది. దీన్ని నమ్మి పిల్లల్ని చేర్పించినవాళ్ళు ఒక పరీక్ష అయ్యేదాకా చూస్తారు. లెక్కల మార్కులు పెరగకపోతే మానిపించేస్తారు. పోయిన ఏడాది అలా మానేసిన ఒక పాప అప్పుడప్పుడే గుర్రంతో ఫోర్క్ వేయడం పట్టుకుంది. రాజుకు చెక్ చెప్తూనే మంత్రిని కూడా పట్టేసిన రోజు ఆ పిల్ల ముఖం నాకింకా గుర్తుంది.

ముందు వెనిజులా సంగతి. 1979లో ఆ దేశం ప్రజల తెలివితేటలు పెంచడానికని ఏకంగా ఒక మంత్రినే పెట్టింది. ఆయన పేరు లూయిస్ అల్బెర్టో మచాడో. ఆ కార్యక్రమంలో భాగంగా బడిపిల్లలకు చెస్ నేర్పారన్నదీ నిజమే. కానీ పిల్లల స్కోరు పెరిగినంత మాత్రాన అది చెస్ వల్లే పెరిగిందని చెప్పలేం. అదే రకం పరీక్ష రెండోసారి రాస్తే ఎవరికైనా కొంత పెరుగుతుంది. కొత్త టీచరు వచ్చి ప్రత్యేకంగా శ్రద్ధ చూపిస్తే పిల్లలకు హుషారు వస్తుంది, దానివల్లా పెరుగుతుంది. తేలాలంటే ఒక గుంపుకు చెస్, ఇంకో గుంపుకు అంతే శ్రద్ధతో డ్రాయింగో సంగీతమో నేర్పి రెండింటినీ పోల్చాలి. జియోవన్నీ సాలా, ఫెర్నాండ్ గోబే అనే ఇద్దరు పరిశోధకులు చెస్ మీద వచ్చిన అధ్యయనాలన్నీ పోగేసి 2016లో విశ్లేషించినప్పుడు, అలా పోల్చిన అధ్యయనాలు దాదాపు లేవని తేల్చారు. ఈ గోబే చెస్‌లో ఇంటర్నేషనల్ మాస్టర్ కూడా. ఆట మీద ఇష్టం లేక అన్నమాట కాదది.

ఐక్యూ గురించే ఇంకొకటి. మాజీ ప్రపంచ చెస్ ఛాంపియన్ కాస్పరోవ్ ఐక్యూ 190 అని నెట్‌లో ఎక్కడ చూసినా ఉంటుంది. 1980ల చివర్లో జర్మనీ పత్రిక డెర్ స్పీగెల్ ఆయనకు పరీక్ష పెట్టిస్తే వచ్చింది 135. తెలివైనవాడే, సందేహం లేదు. కానీ 135 ఉన్నవాళ్ళు ప్రపంచంలో కోట్లమంది ఉంటారు. కాస్పరోవ్ ఒక్కడే. తేడా ఆయన బోర్డు ముందు గడిపిన ఏళ్ళలో ఉంది.

లెక్కల మార్కుల మాటకు ఇంగ్లండ్‌లో గట్టి పరీక్షే పెట్టారు. 100 ప్రాథమిక పాఠశాలలు తీసుకుని, లాటరీ వేసినట్టు రెండు భాగాలు చేసి, ఒక భాగంలో తొమ్మిది పదేళ్ళ పిల్లలకు ఏడాదిలో 30 గంటలు బడివేళల్లోనే చెస్ నేర్పారు. ఇంకో ఏడాది తర్వాత దేశమంతా రాసే పరీక్షలో లెక్కల మార్కులు చూశారు. రెండు భాగాలకూ తేడా లేదు. చదవడంలో, సైన్స్‌లో కూడా లేదు. చెస్ క్లాసులు అయిన వెంటనే పరీక్ష పెట్టి ఉంటే కొంత తేడా కనిపించేదేమో అనేవాళ్ళున్నారు. కావచ్చు. కానీ ఏడాదికే కరిగిపోయే తేడా కోసమైతే ఆ గంటలు లెక్కలే చేయించడం మేలు కదా! ఈ ఫలితాలు 2016లో బయటికి వచ్చాయి. మన ఫార్వర్డ్ దాకా మాత్రం రాలేదు.

జ్ఞాపకశక్తి సంగతి అన్నిటికంటే ఆసక్తికరం. 1973లో అమెరికాలో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ ఒక ప్రయోగం చేశారు. నిజంగా ఆడిన ఆటలో మధ్యలో ఉన్న బోర్డును ఐదు సెకన్లు చూపించి, మళ్ళీ పేర్చమన్నారు. మాస్టర్ సుమారు 16 పావుల్ని సరిగ్గా పెట్టాడు. కొత్తగా నేర్చుకున్నవాడు నాలుగే పెట్టగలిగాడు. ఇక్కడితో ఆపితే ఫార్వర్డ్ చెప్పింది నిజమే అనిపిస్తుంది. తర్వాత అవే పావుల్ని అర్థంపర్థం లేకుండా బోర్డు మీద చెల్లాచెదురుగా పెట్టి చూపించారు. అప్పుడు మాస్టరూ కొత్తవాడూ దాదాపు ఒకటే! ఇద్దరికీ గుర్తున్నవి మూడో నాలుగో.

ఎందుకలా? మాస్టర్ పావుల్ని విడివిడిగా చూడడు. రాజు, దాని పక్కన ఏనుగు, ముందు మూడు బంట్లు కనబడితే ఆయనకది ఒకే బొమ్మ. మనం ‘ఆంధ్రప్రదేశ్’ అన్న మాటను అక్షరం అక్షరం కూడబలుక్కోకుండా ఒక్క చూపులో చదివేసినట్టు. తెలుగు రానివాడికి అవే అక్షరాలు గుర్తుపెట్టుకోమంటే చెమటలు పడతాయి. అంటే చెస్ వల్ల పెరిగేది చెస్ జ్ఞాపకం. ఫోన్ నంబర్లకూ సోషల్ పాఠాలకూ అది సాయం వస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. పిల్లలతో ఈ ప్రయోగం మీరూ ఇంట్లో చేసి చూడొచ్చు, చాలా బాగుంటుంది.

6000 కేలరీల మాట 2019లో అమెరికా క్రీడా ఛానెల్ ఈఎస్‌పీఎన్ కథనంతో ప్రపంచమంతా పాకింది. మనిషి మెదడు వాడుకునేది శరీరం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో అయిదో వంతు, అంటే రోజుకు మూడు నాలుగు వందల కేలరీలు. ఎంత లోతుగా ఆలోచించినా అది పెరిగేది చాలా తక్కువ. 6000 అంటే రోజంతా కొండలెక్కే టూర్ డి ఫ్రాన్స్ సైక్లిస్టుల లెక్క. 2018లో ఒక గ్రాండ్‌మాస్టర్‌కు గుండెవేగం కొలిచే పట్టీ కడితే రెండు గంటల్లో 560 కేలరీలు చూపించిందని అదే కథనంలో ఉంది. ఆ అంకెనే నమ్మి ఆరు గంటల ఆటకు లెక్క వేసినా 1700 దాటదు. పైగా ఆ పట్టీ గుండెవేగం చూసి కేలరీల్ని అంచనా కడుతుంది. పరిగెత్తేవాడికి ఆ అంచనా సరిపోతుంది. టెన్షన్‌తో గుండె కొట్టుకుంటున్నవాడి కండరాలు కదలడం లేదు కదా, వాడి విషయంలో తప్పుతుంది.

టెన్షన్ మాత్రం నిజం. 1984 సెప్టెంబరులో మొదలైన కార్పోవ్, కాస్పరోవ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీని ఐదు నెలల్లో 48 ఆటలయ్యాక ఎటూ తేల్చకుండానే ఆపేయాల్సివచ్చింది. అప్పటికి కార్పోవ్ బాగా చిక్కిపోయాడు. తిండి, నిద్ర సరిగా లేకపోతే ఎవరైనా చిక్కుతారు. పిల్లాడు లావుగా ఉన్నాడని చెస్‌లో చేర్పిస్తామన్నవాళ్ళు నాకు ఎదురయ్యారు. వాళ్ళకు నేను చెప్పింది ఒకటే: గ్రౌండ్‌కు కూడా పంపండి.

ఇక ఆరేళ్ళ గడువు. గుకేశ్ చెస్ నేర్చుకున్నది ఏడేళ్ళకు. మన తెలుగు కుటుంబంలో చెన్నైలో పెరిగిన ఆ పిల్లాడు 18 ఏళ్ళకు, 2024 డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. చైనాకు చెందిన యే జియాంగ్‌చువాన్ 17 ఏళ్ళకు నేర్చుకుని గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అలాంటివాళ్ళు అరుదు, ఒప్పుకుంటాను. పైస్థాయికి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది చిన్నప్పుడే మొదలుపెట్టారు. కానీ మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎంతమందికి గ్రాండ్‌మాస్టర్ అవ్వాలని ఉంది? ఆడుకోవడానికి వస్తున్నారు. దానికి గడువేమిటి?

రూల్స్‌లో మొదటిది: ‘ఒంటరి రాజు మిగిలితే 16 ఎత్తుల్లో కట్టేయాలి, లేకపోతే డ్రా.’ కొన్ని ఇళ్ళలో 21 అంటారు. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే నిబంధనల్లో ఈ లెక్క లేదు. ఉన్నది 50 ఎత్తుల నిబంధన. ఇద్దరూ చెరి 50 ఎత్తులు వేసినా ఒక్క పావూ చావకపోతే, ఒక్క బంటూ కదలకపోతే, డ్రా అడగవచ్చు. 75 అయితే అడగకపోయినా డ్రానే. 16 ఎందుకు సరిపోదో చూడండి. రాజు, ఏనుగు కలిసి ఒంటరి రాజును కట్టడానికి, ఒక్క తప్పూ లేకుండా ఆడినా, కష్టమైన చోటునుంచి 16 ఎత్తులు పడుతుంది. రెండు శకట్లతో (బిషప్‌లతో) 19. శకటు, గుర్రంతో 33. ఈ ఇంటి రూలుతో ఆడితే న్యాయంగా గెలవాల్సిన ఆటలు డ్రా అయిపోతాయి.

రెండోది: ‘బంటు చివరి గడికి చేరితే చచ్చిపోయిన పావే తెచ్చుకోవాలి.’ కాదు. మీ మంత్రి బోర్డు మీదే ఉన్నా ఇంకో మంత్రిని తెచ్చుకోవచ్చు. దేశీ పద్ధతిలో బంటు ఏ పావు గడికి చేరితే ఆ పావు అయ్యేది. రాజుకు ఒకసారి గుర్రంలా దూకే అవకాశం కూడా ఉండేది. ఆ పద్ధతిలోనే నేర్చుకున్న మీర్ సుల్తాన్ ఖాన్ ఇక్కడినుంచి వెళ్ళి 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. కాబట్టి ఇంట్లో తాతయ్య వేరే రూలు చెప్తే ఆయనకు ఆట రాదనుకోవద్దు. ఆయన నేర్చుకున్నది పాత ఆట. టోర్నమెంట్‌కు వెళ్ళేటప్పుడు మాత్రం ఫిడే రూలు తెలిసి ఉండాలి.

అక్కడ పిల్లలు చేసే ఒక తప్పు ఉంది. రెండో మంత్రి దొరక్క ఏనుగును తలకిందులుగా పెడతారు. నిబంధనల ప్రకారం తలకిందుల ఏనుగు కూడా ఏనుగే. 2017లో కెనడా ఛాంపియన్‌షిప్ తేల్చే ఆటలో నికొలాయ్ నోరిట్సిన్‌కు ఇదే జరిగింది. టైమ్ అయిపోతోంది, బల్ల మీద మంత్రి కనబడలేదు. అది ప్రత్యర్థి చేతిలో ఉంది. ఏనుగును తిరగేసి పెట్టాడు. అర్బిటర్, అంటే ఆటకు న్యాయనిర్ణేత, అది ఏనుగేనన్నాడు. నోరిట్సిన్ ఆట ఓడిపోయాడు. అలాంటప్పుడు గడియారం ఆపి, అర్బిటర్‌ను పిలిచి, మంత్రిని అడగాలి. మా దగ్గర ప్రతి డబ్బాలో ఒక మంత్రి ఎక్కువే పెట్టాను.

మానేసిన ఆ పాప ఎత్తులు రాసుకునే నోటుపుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. ఈ జవాబును వాళ్ళమ్మగారికి కూడా పంపుతున్నాను. లెక్కల మార్కుల గురించి నేనేమీ మాటివ్వలేను. ఆదివారం పొద్దున పదింటికి బోర్డులు పరుస్తాం, పాపను పంపించండి.