ముఖం చాటేయడానికి చోటు లేని చదువు

అమెరికాలోని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల (సాహిత్యం, విజ్ఞానం, సామాజిక శాస్త్రాలు కలగలిపి డిగ్రీ చెప్పే కాలేజీల) గురించి కొన్నేళ్లుగా వస్తున్న కథనాల్లో ఎక్కువ భాగం చావు కబుర్లే. వెర్మాంట్ రాష్ట్రంలో గ్రీన్ మౌంటెన్ కాలేజీ 2019లో మూతపడింది, మార్ల్‌బరో 2020లో మూతపడింది. 1868లో స్థాపించిన వెల్స్ కాలేజీ 2024 ఏప్రిల్ చివర, సెమిస్టర్ ముగింపు దగ్గరపడిన వేళ, వచ్చే ఏడాది తాము ఉండబోమని విద్యార్థులకు కబురు చేసింది. 2015లో ఇలాంటి ప్రకటనే చేసిన స్వీట్ బ్రయర్ అనే మహిళా కాలేజీ మాత్రం పూర్వ విద్యార్థినులు నిధులు కూడగట్టి, న్యాయపోరాటం కూడా సాగడంతో బతికి బయటపడింది. కారణాలు పాఠకులకు తెలిసినవే: చేరే వయసు పిల్లలు తగ్గుతున్నారు, ఖర్చులు పెరుగుతున్నాయి, మూలనిధి చాలడం లేదు. వాటిని మళ్లీ ఏకరువు పెట్టను. ఈ కాలేజీలను నిలబెట్టాలని కోరుకునే వాళ్లు ఎంచుకున్న వాదనే బలహీనమైనదన్నది నా ఫిర్యాదు.

వాళ్లు ఎప్పుడూ చెప్పేది తరగతి గది గురించే. పాతికమంది కూడా ఉండని తరగతులు, పేరు పెట్టి పిలిచే ప్రొఫెసర్లు, రీడ్ కాలేజీలో ఆఖరి ఏడాది ప్రతి ఒక్కరూ రాసి తీరవలసిన థీసిస్ వగైరా. ఇవన్నీ నిజాలే. విలియమ్స్ కాలేజీలో ట్యుటోరియల్ అనే పద్ధతి ఉంది: ఇద్దరు విద్యార్థులు, ఒక అధ్యాపకుడు, ఒక వారం ఒకరు వ్యాసం రాసుకొస్తే రెండోవారు దాన్ని తూర్పారబడతారు, మరుసటి వారం వంతులు మారతాయి. ముగ్గురే ఉన్న గదిలో చదవకుండా వచ్చినవాడికి వెనక బెంచీ ఉండదు. మంచి ఏర్పాటే. అయితే డబ్బున్న ఏ పెద్ద విశ్వవిద్యాలయమైనా ఆనర్స్ కార్యక్రమం పేరిట ఇలాంటి గదులు కొన్ని తెరవగలదు, తెరుస్తోంది కూడా. తరగతి గదిని పట్టుకుని పోటీకి దిగితే చిన్న కాలేజీ ఓడిపోతుంది. పెద్ద విశ్వవిద్యాలయం ఎంత ఖర్చు పెట్టినా ఇవ్వలేనిది ఆ గది తలుపు దాటాక మొదలవుతుంది.

హేవర్‌ఫర్డ్ కాలేజీలో ఉండేది సుమారు 1,400 మంది విద్యార్థులు. విలియమ్స్, ఆమ్‌హర్స్ట్ కాలేజీల్లో రెండు వేలకు అటూ ఇటూ. అందరూ కాకపోయినా అత్యధికులు నాలుగేళ్లూ క్యాంపస్‌లోనే ఉంటారు. పొద్దున సెమినార్‌లో మీ వాదనను చీల్చి చెండాడిన అమ్మాయి మధ్యాహ్నం భోజనాల వరుసలో ట్రే పట్టుకుని మీ ముందే నిలబడుతుంది, సాయంత్రం గాయకబృందంలో మీ పక్కనే పాడుతుంది, రాత్రి పదకొండు గంటలకు అదే అంతస్తులో పక్క బేసిన్ దగ్గర పళ్లు తోముకుంటూ కనిపిస్తుంది. నలభై వేల మంది చదివే చోట ఒకరితో చెడితే వాళ్లు తిరిగే దారి మానేస్తే సరిపోతుంది. కొత్త స్నేహాలు, కొత్త భవనం, కొత్త భోజనశాల ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఇక్కడ ఉన్న భోజనశాలే ఒకటో రెండో. కాబట్టి తప్పు చేసినవాళ్లు క్షమాపణ అడగాలి, అడగలేకపోతే చెడిన మనిషితోనే మర్యాదగా రోజులు వెళ్లదీయడం నేర్చుకోవాలి. రెండోది మొదటిదానికంటే కష్టమని, జీవితంలో ఎక్కువ అక్కరకు వచ్చేదీ అదేనని నా నమ్మకం.

దీన్ని కాకతాళీయానికి వదిలేయకుండా ఒక వ్యవస్థగా కట్టుకున్న చోటు హేవర్‌ఫర్డ్. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు 1833లో స్థాపించిన ఈ కాలేజీలో ఆనర్ కోడ్, అంటే విద్యార్థులు తమకు తామే పెట్టుకున్న నియమావళి, 1897 నుంచి అమల్లో ఉంది. బయటివాళ్లు మెచ్చుకునేది అందులోని తేలిక భాగాన్నే: పరీక్ష రాసేచోట కాపలా ఉండదు, సెమిస్టర్ పరీక్షల్లో చాలావాటిని ఏ రోజు రాయాలో విద్యార్థులే నిర్ణయించుకుంటారు. కష్టమైన భాగం వేరే ఉంది. ఒకరు కాపీ కొట్టారనో, తోటివారిని కించపరిచారనో మీకు అనిపిస్తే ముందుగా ఆ మనిషి దగ్గరికే వెళ్లి ఆ మాట చెప్పాలి. పేరు రాయని ఫిర్యాదుతో పని మొదలు కాదు. మాటలతో తేలకపోతే విషయం విద్యార్థులే ఉండే ఆనర్ కౌన్సిల్‌కు చేరుతుంది. విచారణ ముగిశాక, పేర్లు మార్చి, జరిగినదంతా కథలా రాసి క్యాంపస్ మొత్తానికి చదవడానికి ఇస్తారు. ఇంత చిన్న చోట అసలు మనుషులెవరో పోల్చుకోవడం ఏమంత కష్టం కాదు. పోల్చుకుని కూడా నోరు మెదపకుండా మరునాడు ఆ మనిషి పక్కన కూర్చుని అన్నం తినడం ఎవరూ మార్కులు వేయని పరీక్ష.

ఈ కోడ్ రాతి మీద చెక్కినది కూడా కాదు. ఏటా వసంతంలో ప్లీనరీ అనే సర్వసభ్య సమావేశంలో విద్యార్థులు దాన్ని కొత్తగా ఆమోదించాలి. కోరం లేకపోతే సభ సాగదు, ఆమోదం దక్కకపోతే కోడ్ నిలవదు. అందువల్ల ఒక సవరణలోని ఒక్క పదం మీద కొందరు మైకు ముందు బారులు తీరి వాదిస్తుంటే, మిగతా వందలమంది పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని, ఆవలింతలు ఆపుకుంటూ, లేచి వెళ్తే కోరం పడిపోతుందేమోనని కదలకుండా కూర్చుంటారు. ఈ విసుగును ఎవరూ ప్రచార పత్రికల్లో అచ్చు వేయరు. నన్నడిగితే మొదటి పేజీలో వేయవలసింది దాన్నే. తమను తాము పాలించుకోవడంలో ముప్పాతిక భాగం అవతలివాళ్ల మాట ముగిసేదాకా కూర్చోవడమేనని పంతొమ్మిదేళ్ల వయసులో ఒంటికి పట్టించే చోట్లు ఎన్ని మిగిలాయి?

ఓబర్లిన్ కాలేజీలో ఇదే విద్య వంటింట్లో సాగుతుంది. 1950లో మొదలైన అక్కడి విద్యార్థుల సహకార సంఘం వసతి గృహాలను, భోజనశాలలను నడుపుతుంది. సరుకులు తెప్పించేవాళ్లు, రొట్టెలు కాల్చేవాళ్లు, పెద్ద పెద్ద గిన్నెలు తోమేవాళ్లు విద్యార్థులే. సభ్యులందరికీ పనిలో వంతులుంటాయి. ఏం కొనాలి, ఏం కొనకూడదు అన్నది సభ పెట్టుకుని తేల్చుకుంటారు, ఆ సభలు ఎంత పొడవుగా సాగుతాయో ఓబర్లిన్‌లో చదివినవాళ్లను అడగాలి. మధ్యాహ్నం బీన్స్ నానబెట్టడం మరిచిపోయిన కుర్రవాడు సాయంత్రం ఆరు గంటలకు ఆకలితో వచ్చిన ముఖాలన్నిటికీ జవాబు చెప్పుకోవాలి. మామూలు హాస్టల్లో అయితే కాంట్రాక్టరును తిట్టుకుంటూ బయటికి వెళ్లి తినిరావచ్చు. ఇక్కడ కాంట్రాక్టరు తానే. ఆ రాత్రి గిన్నెలు తోమే వంతు కూడా అతనిదే అయితే, నీతిశాస్త్రం తరగతిలో సగం సెమిస్టరు చెప్పేది ఆ గంటలో అర్థమైపోతుంది.

చిన్నచోట తప్పుకూ శిక్షకూ మధ్య ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ గ్రినెల్ కాలేజీలో ఉంది. 1948లో రాబర్ట్ నాయిస్ అనే విద్యార్థి, డార్మ్‌లో (విద్యార్థుల వసతి గృహంలో) జరగబోయే విందు కోసం, మిత్రుడితో కలిసి దగ్గరి రైతు దొడ్డిలోంచి ఒక పందిపిల్లను ఎత్తుకొచ్చాడు. విందు అయిపోయింది. మనసు ఒప్పక వెళ్లి ఒప్పుకుని డబ్బు ఇస్తామన్నారు. పశువుల దొంగతనం ఆ అయోవా రాష్ట్రంలో తీవ్రమైన నేరం, రైతు కేసు పెడతానన్నాడు. భౌతికశాస్త్రం చెప్పే గ్రాంట్ గేల్‌కు ఈ కుర్రవాడు బాగా తెలుసు. ఆయనా, కాలేజీ అధ్యక్షుడూ కల్పించుకోవడంతో కేసు తప్పింది గానీ ఒక సెమిస్టర్ సస్పెన్షన్ తప్పలేదు. ఆ కాలమంతా న్యూయార్క్‌లో ఒక బీమా సంస్థలో పనిచేసి నాయిస్ తిరిగొచ్చాడు. అప్పటికి గేల్ అప్పుడే పుట్టిన ట్రాన్సిస్టర్‌ను సంపాదించి విద్యార్థులకు పాఠం చెబుతున్నాడు. ఆ పాఠం విన్నవాళ్లలో నాయిస్ ఒకడు. ఇరవై ఏళ్లకు, 1968లో, అతను కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఇంటెల్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకడయ్యాడు. ఈ కథలో అందరూ ఇంటెల్ దగ్గర ఆగిపోతారు, నన్ను ఆపేది మధ్య భాగం. కుర్రవాళ్లు తామే వెళ్లి ఒప్పుకున్నారు, శిక్ష పడింది, వెలి మాత్రం పడలేదు. శిక్ష వేసినవాళ్లకు శిక్ష అనుభవించినవాడి ముఖం తెలుసు కాబట్టే ఆ రెండింటి మధ్య గీత గీయగలిగారు.

దీనికి ఎదురు వాదన ఉంది, చిన్నది కాదు. ఇదంతా ఏడాదికి 80,000 డాలర్లు దాటిన ఖర్చుతో కలవారి పిల్లలు కొనుక్కునే గాజు బుడగ అంటారు. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2017లో వెలువరించిన పరిశోధన ప్రకారం, ఆదాయంలో అడుగునున్న 60 శాతం కుటుంబాల నుంచి వచ్చినవాళ్ల కంటే పైనున్న ఒక్క శాతం నుంచి వచ్చినవాళ్లే ఎక్కువగా ఉన్న కాలేజీలు 38. కోల్బీ, ట్రినిటీ, కొలరాడో కాలేజీ వంటి చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు ఆ జాబితాలో ఉన్నాయి. ఇది సిగ్గుపడవలసిన లెక్క. చిన్నచోట పుకారు ఊపిరాడనివ్వదన్నదీ నిజమే, తమవాళ్లంటూ పట్టుమని పదిమంది లేని విద్యార్థికి మరీను. అయితే మొదటి ఆక్షేపణ ధర మీద, సరుకు మీద కాదు. కెంటకీలోని బెరియా కాలేజీ 1892 నుంచి ఏ విద్యార్థి దగ్గరా ట్యూషన్ ఫీజు తీసుకోలేదు. అక్కడ చేరేవాళ్లలో ఎక్కువమంది తక్కువ ఆదాయ కుటుంబాలవాళ్లు, అందరూ వారానికి కనీసం పది గంటలు కాలేజీలోనే పనిచేస్తారు. కలవారి పిల్లలు లేకుండానే ఈ జీవితం సాధ్యమని బెరియా రుజువు చేస్తూనే ఉంది.

నన్ను కలవరపెట్టేది మూతపడినవాటి కంటే మిగిలినవాటి తీరు. ఒకప్పుడు ఇద్దరు రూమ్‌మేట్ల మధ్య లైటు ఎప్పుడు ఆర్పాలన్న తగాదా వాళ్లే తేల్చుకునేవారు, లేదా పై తరగతి విద్యార్థి ఒకరు మధ్యలో కూర్చునేవారు. ఇప్పుడు చాలా కాలేజీల్లో దానికి ఒప్పంద పత్రం ఉంది, దాన్ని నింపించే ఉద్యోగి ఉన్నారు, ఆ ఉద్యోగి పైన డైరెక్టరు, డైరెక్టరు పైన డీన్. నొప్పించే మాట ఒకటి వినబడితే ఆ మాట అన్నవారి గది తలుపు తట్టనక్కరలేదు, పేరు లేకుండా ఆన్‌లైన్ ఫారం నింపితే చాలు. లైంగిక హింస, వెంటపడి వేధించడం వంటివి శిక్షణ పొందినవాళ్ల చేతుల్లోనే ఉండాలి, వాటిని విద్యార్థుల పంచాయతీకి వదలడం అన్యాయం. ఆ విషయంలో నాకు సందేహం లేదు. నేను మాట్లాడుతున్నది వందలో మిగిలిన తొంభై తగాదాల గురించి. వాటిని ఆఫీసులకు అప్పగించిన కాలేజీ 1,400 మందితో ఉన్నా నలభై వేల మందితో ఉన్నట్టే. ముఖం చాటేయడానికి భవనాలు లేకపోయినా ఫారాలు దొరికాయి.

ఇది కాలేజీలతో ఆగే విషయం కాదు. ఎదుటివాళ్లు నచ్చకపోతే ఫోన్‌లో ఒక్క వేలితో కనబడకుండా చేసేయడానికి అలవాటుపడిన తరం, తగవు వస్తే ‘మేనేజర్‌ను పిలవండి’ అనడం తప్ప వేరే పద్ధతి ఎరగని తరం, రేపు ఒక వీధి సంఘాన్నో, కార్మిక సంఘాన్నో, నగర సభనో ఎలా నడుపుతుంది? ఓడినవాళ్లు గెలిచినవాళ్లతో కలిసి ఒకే వరుసలో భోజనానికి నిలబడగలగడం మీదే ఎన్నికలనే ఏర్పాటంతా ఆధారపడి ఉంది. అమెరికాలో ఆ అలవాటు ఎంతగా చెదిరిపోయిందో రోజూ వార్తలు చదివేవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. అక్కడ డిగ్రీ చదివేవాళ్లలో వందకు అయిదుగురు కూడా ఈ చిన్న కాలేజీల్లో ఉండరు కాబట్టి దేశాన్ని ఇవే మార్చేస్తాయని నేను అనను. కానీ ఈ విద్యకు మిగిలిన కొద్ది కార్ఖానాల్లో ఇవి కొన్ని.

ఎంచుకున్నవాళ్లతోనే ఉంటామన్న కోరిక కొత్తదేమీ కాదు. ఈ కాలేజీల్లోనే ఒకప్పుడు ఫ్రెటర్నిటీలు రాజ్యమేలాయి: తమకు నచ్చినవాళ్లను ఏరుకుని, ఒక ఇల్లు తీసుకుని, మిగతావాళ్లను గుమ్మం బయట నిలబెట్టడమే వాటి పని. విలియమ్స్ 1962 నుంచి వాటిని సాగనంపడం మొదలుపెట్టింది, ఆమ్‌హర్స్ట్ 1984లో క్యాంపస్ నుంచి తొలగించింది. పూర్వ విద్యార్థులు కోపగించుకున్నారు, కాలేజీలు తట్టుకున్నాయి. ఆనాడు అంత తెగువ చూపిన రకం కాలేజీలే ఇవాళ దరఖాస్తులు పెంచుకోవడానికి ఒంటరి గదులు, సొంత వంటిల్లున్న అపార్ట్‌మెంట్లు కట్టి ఆకర్షిస్తుంటే విడ్డూరంగా ఉంది. ఫ్రెటర్నిటీ కనీసం ముప్పైమందిని కలిపి ఉంచేది.

రెండో కొసన కాలిఫోర్నియా ఎడారి లోయలో 1917లో పెట్టిన డీప్ స్ప్రింగ్స్ ఉంది. రెండేళ్ల చదువు, పాతికమందికి కాస్త అటూ ఇటూ విద్యార్థులు, ట్యూషన్ లేదు. వాళ్లు తెల్లవారకముందే లేచి పాలు పితుకుతారు, పశువులను మేపుతారు, వారానికి ఇరవై గంటలు ఒళ్లు వంచి పనిచేస్తారు. కొత్త విద్యార్థుల దరఖాస్తులు చదివేది, అధ్యాపకుల ఎంపికలో పాల్గొనేది కూడా వాళ్ల సంఘాలే. అందరూ అలా బతకాలని ఎవరూ అనరు. అయితే బడ్జెట్ కోత కోసం కూర్చునే ధర్మకర్తల మండళ్లు గుర్తుంచుకోదగిన విషయం ఒకటి అక్కడ ఉంది: విద్యార్థులు నడిపే వంటిల్లు, విద్యార్థులు నడిపే విచారణ సంఘం కాలేజీకి దాదాపు ఉచితం, వాటి స్థానంలో వచ్చిన ఆఫీసులకే జీతాలు కావాలి. కోత పడవలసి వస్తే అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. కాలేజీలు చూడటానికి పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లే తల్లిదండ్రులకూ ఒక మాట: గైడు చూపించే గ్రంథాలయం ఎలాగూ బాగానే ఉంటుంది, ఒక్క పది నిమిషాలు తప్పించుకుని డార్మ్ వంటింట్లోకి వెళ్లి, గిన్నెలు తోమే వంతుల పట్టిక గోడ మీద ఉందో లేదో, ఉంటే అది ఎవరి చేతిరాతలో ఉందో చూసి రండి.