"అన్నీ పాత కార్డులే, స్టిక్కర్ మార్చారు" అంటూ తిరుగుతున్న మెసేజ్‌కి నా జవాబు

వారం పది రోజులుగా ఒకటే మెసేజ్, కంప్యూటర్ గేములకి వాడే గ్రాఫిక్స్ కార్డుల మీద. (ఎన్విడియా, ఏఎండీ ఆ కార్డుల చిప్పులు చేసే కంపెనీలు.) కాలేజీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, గేమింగ్ పిల్లల గ్రూపులో అయితే రోజుకొకరు పెట్టి "అన్నా, ఇది నిజమేనా" అని నన్ను ట్యాగ్ చేస్తున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు, అందుకే మొత్తం ఇక్కడే రాస్తున్నాను.

మెసేజ్ చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది ఇదీ: "ఎన్విడియా 50 సూపర్ కార్డులు వస్తున్నాయి. అవన్నీ పాత కార్డులకు కొత్త స్టిక్కర్లే. లీక్ కన్ఫర్మ్ అయింది, పేర్లు, మెమరీ, ఇండియా రేట్లు ఇవీ. బస్ విడ్త్ (చిప్‌కీ మెమరీకీ మధ్య దారి వెడల్పు) తగ్గించి జనాన్ని మోసం చేస్తున్నారు. ఏఎండీ భయపడి 8000 నంబరు వదిలేసి 9000కి దూకింది. ఒకే పేరు మీద 8 జీబీ, 16 జీబీ అమ్మి దోచుకుంటున్నారు. కాబట్టి కొత్తవేవీ కొనొద్దు. అప్పటిదాకా ఐదారు వేలకు దొరికే ఆర్ఎక్స్ 580 8 జీబీ తీసుకోండి. 480, 580, 590 అన్నీ ఒకటే చిప్. అందరికీ పంపండి."

ముందు స్టిక్కర్ సంగతి. పాత చిప్‌కి కొత్త పేరు పెట్టి అమ్మడం ఈ వ్యాపారంలో లేదని నేననను. ఎన్విడియా జీ92 చిప్ 2007లో 8800 జీటీగా వచ్చింది, 2008లో 9800 జీటీఎక్స్‌లో కూర్చుంది, ఆ తర్వాత దానికి ప్లస్ తగిలించారు, 2009 మార్చికి జీటీఎస్ 250 అయిపోయింది. ఏఎండీ తహితి చిప్ 2012లో హెచ్‌డీ 7970, 2013లో ఆర్9 280ఎక్స్. రీబ్రాండ్ అంటే ఇదీ. ఎన్విడియా 40 సిరీస్‌లో సూపర్ అని పేరు పెట్టినప్పుడు జరిగింది వేరు. 2024 జనవరిలో వచ్చిన 4070 సూపర్‌లో కోర్లు (చిప్‌లో లెక్కలు చేసే యూనిట్లు) 5,888 నుంచి 7,168కి పెరిగాయి, అంటే ఐదో వంతు ఎక్కువ, ధర మాత్రం 4070 మొదట వచ్చినప్పటి 599 డాలర్లే. 4070 టీఐ సూపర్‌కి చిప్పే మార్చారు, మెమరీ 12 నుంచి 16 జీబీ అయింది. 4080 సూపర్‌లో కోర్లు ఐదు శాతమే పెరిగాయి కానీ ధర 1,199 నుంచి 999 డాలర్లకు దిగింది. మూడింటికీ పేరు సూపరే, మూడు కథలూ మూడు రకాలు. వీటిని స్టిక్కర్ అని ఎలా అంటారు?

50 సిరీస్ చాలామందిని నిరాశపరిచిందంటే ఒప్పుకుంటాను, నన్నూ పరిచింది. 4080 సూపర్‌లో 10,240 కోర్లుంటే 5080లో 10,752. రెండేళ్లు ఆగినవాడికి అది చాలదు. కానీ కొత్తదాంట్లో పెద్ద విశేషం లేకపోవడం వేరు, అది పాతదే కావడం వేరు. అందులో ఆర్కిటెక్చర్ (చిప్ లోపలి నిర్మాణం) మారింది, మెమరీ కొత్తరకం జీడీడీఆర్7 అయింది. "సరిపోలేదు" అని తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను. "పాతదే" అంటే మాత్రం అబద్ధం.

ఇక ఆ "లీక్ కన్ఫర్మ్" అనే మాట. కంపెనీ ప్రకటించని కార్డుకి కన్ఫర్మ్ చేసింది ఎవరు? లీకుల్లో నిజం ఉండదని కాదు, ఏ భాగంలో ఉంటుందో తెలియాలి. 2015 నాటి ఆర్9 300 సిరీస్ గుర్తున్నవాళ్లకి ఈ తమాషా తెలుసు. అప్పట్లో ఏఎండీ ప్రయోగ బోర్డులు హైదరాబాద్‌లోని దాని సెంటర్‌కి దిగుమతి అయినప్పుడు ఆ కస్టమ్స్ వివరాలు జౌబా అనే వెబ్‌సైట్‌లో కనిపించేవి, ప్రపంచంలో లీకులు రాసేవాళ్లు ఆ వరసలు పట్టుకుని వార్తలల్లేవారు. ఫిజీ అనే పెద్ద చిప్ వస్తోందని, దానికి హెచ్‌బీఎం అనే కొత్తరకం మెమరీ ఉంటుందని రాశారు, నిజమైంది. దాని పేరు 390ఎక్స్ అని నెలల తరబడి రాశారు, అది తప్పింది. జూన్‌లో ఫిజీ కాస్తా ఫ్యూరీ ఎక్స్ పేరుతో 649 డాలర్లకు వచ్చింది, 390ఎక్స్ పేరు 2013 నాటి హవాయి చిప్‌కి, అంటే పాత 290ఎక్స్‌కి, పెట్టారు. చిప్ ఏదో ముందే తెలిసిపోతుంది, ఎందుకంటే అది నెలల కిందటే ఫ్యాక్టరీలో తయారై చేతులు మారుతుంటుంది. పేరు, ధర చివరి నిమిషంలో మీటింగ్ గదిలో తేలతాయి.

చివరి నిమిషం కూడా కాదు, ఒక్కోసారి ఆ తర్వాత! 2022 సెప్టెంబరులో ఎన్విడియా స్వయంగా వేదికెక్కి ప్రకటించిన 4080 12 జీబీ కార్డుని, జనం దుమ్మెత్తిపోస్తే అక్టోబరులో వెనక్కి తీసుకుంది. అదే కార్డు 2023 జనవరిలో 4070 టీఐగా, వంద డాలర్లు తక్కువకి వచ్చింది. కంపెనీ ప్రకటించిన పేరే నిలవని చోట, ఫార్వర్డ్ మెసేజ్‌లో పేరూ రేటూ ఎలా కన్ఫర్మ్ అవుతాయి?

ఆ రేట్ల లెక్క కూడా చూశాను. డాలర్ ధరని మారకం రేటుతో గుణించి రాసేశారు. 5070 మొదట వచ్చినప్పుడు దాని అమెరికా ధర 549 డాలర్లు, అప్పటి రేటుకి దాదాపు 47 వేలు. ఇక్కడ కంపెనీ అప్పుడు పెట్టిన ధర 59 వేలు. అమెరికా ధరలో పన్ను కలిసి ఉండదు, మన దగ్గర 18 శాతం జీఎస్టీ ఉంది, ఆపైన దిగుమతిదారు, డీలరు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఏ షాపువాడిని అడిగినా ఈ మాట చెబుతాడు.

18 జీబీ, 24 జీబీ మెమరీ అనే పుకారు మాత్రం జరగడానికి వీలున్నదే. 3 జీబీ సామర్థ్యమున్న జీడీడీఆర్7 చిప్పులు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి, ల్యాప్‌టాప్ 5090లో 256 బిట్ బస్ మీద 24 జీబీ వచ్చింది వాటితోనే. వీలుంది అంటే వచ్చేసింది అని కాదు.

బస్ విడ్త్ మోసమట. 2015 నాటి 390ఎక్స్‌కి 512 బిట్ బస్, సెకనుకి 384 జీబీ బ్యాండ్‌విడ్త్, అంటే మెమరీ నుంచి డేటా కదిలే వేగం. ఇప్పటి 5070కి 192 బిట్ బస్, 672 జీబీ. బస్ ఒక్కటే చూస్తే ఏం తెలిసింది? 320 బిట్ ఉన్న 3080కి 192 బిట్ ఉన్న 4070 దాదాపు సమానంగా ఆడుతుంది, ఎందుకంటే ఎల్2 క్యాష్ (చిప్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) 5 ఎంబీ నుంచి 36 ఎంబీకి పెంచారు. అయితే ఇదే పని 4060 టీఐ దగ్గర బెడిసికొట్టింది, రిజల్యూషన్ పెంచితే కొన్ని గేముల్లో అది తన ముందుతరం 3060 టీఐ కంటే వెనకబడింది. కాబట్టి కార్డు కార్డుకీ రివ్యూ చూడాలి, బిట్లు లెక్కపెట్టి తీర్పు చెప్పకూడదు.

ఏఎండీ నంబరు దూకడం గురించి ఒక్క ముక్క: 8000 నంబర్లు వదిలేయలేదు, 8060ఎస్ అని ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ ఉంది, అదీ 9070 ఊసెత్తిన ఆ 2025 జనవరిలోనే ప్రకటించారు. భయమూ లేదు, గండమూ లేదు.

వరస ప్రకారం ఇప్పుడు 8 జీబీ, 16 జీబీ గోల రావాలి, కానీ 580 సంగతి ముందు తేల్చాలి, ఎందుకంటే మిగతా పాయింట్లతో పోయేది వాదనే, దీంతో పిల్లల డబ్బులు పోతున్నాయి.

"480, 580, 590 అన్నీ ఒకటే చిప్." డిజైన్ వరకు నిజమే. మూడింట్లోనూ 2,304 షేడర్లే (ఏఎండీ కార్డుల్లో కోర్లని ఇలా అంటారు). కానీ ఐదారు వేలకు కొత్త బాక్సులో దొరికే "580 8 జీబీ" చాలావరకు ఆ మూడూ కాదు. 2018లో ఏఎండీ చైనా మార్కెట్ కోసం ఆర్ఎక్స్ 580 2048ఎస్పీ అని ఒకటి వదిలింది. షేడర్లు 2,048, అంటే అది ఆర్ఎక్స్ 570. బాక్సు మీద 580 అని పెద్దక్షరాలు. మా పిన్ని కొడుకు కాకినాడలో బీటెక్ రెండో సంవత్సరం, ఈ మెసేజ్ చూసి, ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాడు. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ స్క్రీన్‌షాట్ పంపి, "అన్నయ్యా, షేడర్స్ దగ్గర 2304 ఉండాలి కదా, నాకు 2048 చూపిస్తోందేంటి?" అన్నాడు. అందులోనే టీఎంయూల (టెక్స్చర్లు అతికే యూనిట్ల) దగ్గర 144 ఉండాల్సిన చోట 128. పై వరసలో పేరు చివర 2048ఎస్పీ అని సాఫ్ట్‌వేరే చెబుతోంది. బాక్సు మీద మాత్రం ఆ ముక్క లేదు. అమ్మినవాడు "580 అనే కదా అమ్మాం" అన్నాడు. వాడికి నేనేం జవాబు చెప్పాలి?

రీబ్రాండ్ మోసం, రీబ్రాండ్ మోసం అని ఐదు పాయింట్లు గుండెలు బాదుకుని, ఆరో పాయింటులో మార్కెట్లో దొరికే అసలుసిసలు రీబ్రాండునే కొనుక్కోమని సలహా ఇస్తారా? తాను తిడుతున్నది ఏమిటో తనకే తెలియని మనిషి రాసిన మెసేజ్ ఇది, దాన్ని మా ఫ్రెండ్స్, అందులో ఇద్దరు చిప్ డిజైన్‌లో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు, చదవకుండా ముందుకి తోసేస్తున్నారు.

పేరు సంగతి సరే, ఆ కార్డుల్లో కొత్తవి ఎన్ని? 8 జీబీ పొలారిస్ కార్డులు (480, 580ల కుటుంబం పేరు ఇది) ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్‌కి తెగ వాడారు. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం మైనింగ్ పద్ధతే వదిలేశాక ఆ కార్డులు కుప్పలుగా మార్కెట్లో పడ్డాయి. ఏళ్ల తరబడి రాత్రీపగలూ నడిచిన చిప్పుల్ని కడిగి, కొత్త ఫ్యాన్లు బిగించి, కొత్త బాక్సులో పెట్టి అమ్ముతున్నారు. కొన్నింట్లో మైనింగ్ కోసం మార్చిన బయోస్ (కార్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) కూడా అలాగే ఉంటుంది, డ్రైవర్ వేయగానే స్క్రీన్ నల్లగా అయిపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే. అసలు 580 అయినా 185 వాట్లు తాగుతుంది, దానికి ఎనిమిది పిన్నుల పవర్ కేబుల్ కావాలి, క్యాబినెట్‌తో పాటు వచ్చిన చవక ఎస్ఎంపీఎస్‌లో (పవర్ సప్లైలో) సాధారణంగా అది ఉండదు, అంటే ఇంకో ఖర్చు. ఏఎండీ 2023లోనే పొలారిస్‌ని ప్రధాన డ్రైవర్ల వరస నుంచి పక్కన పెట్టింది. హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ (వెలుగునీడల లెక్కలు చిప్పే చేసే సదుపాయం) తప్పనిసరి చేసిన కొత్త గేములు ఈ కార్డు మీద తెరుచుకోవు కూడా.

బడ్జెట్ నిజంగా ఆరు వేలే అయితే, ఊళ్లోనే ఎవరైనా బిల్లుతో సహా అమ్ముతున్న సెకండ్ హ్యాండ్ కార్డు వెతకండి. వాళ్లింటికే వెళ్లి, వాళ్ల పీసీలో నడుస్తుండగా చూడండి. జీపీయూ-జెడ్ తెరిచి షేడర్ల సంఖ్యని ఆ మోడల్ అసలు స్పెక్‌తో పోల్చండి, పావుగంట స్ట్రెస్ టెస్ట్ నడపండి, ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. ఇంకో రెండు నెలలు ఆగి డబ్బు కూడబెట్టినా నష్టం లేదు. తెలియని పేరున్న కొత్త బాక్సు మాత్రం వద్దు.

ఇక మిగిలింది ఒకే పేరు మీద రెండు మెమరీలు. ఇక్కడ మెసేజ్ రాసినాయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, పైగా తక్కువే చెప్పాడు. 5060 టీఐలో, 9060 ఎక్స్‌టీలో కనీసం కోర్లు సమానం, తేడా మెమరీలోనే, అదీ బాక్సు మీద రాసి ఉంటుంది. 1060 3 జీబీలో కోర్లూ తగ్గించారు, 1,280 కాస్తా 1,152. 3050 6 జీబీలో కోర్లు 2,304, అసలు 3050లో 2,560, బస్ కూడా 128 నుంచి 96 బిట్. జీటీ 1030కి 2018లో డీడీఆర్4 మెమరీ పెట్టి అదే పేరుతో వదిలారు, బ్యాండ్‌విడ్త్ 48 జీబీ నుంచి 16.8కి పడిపోయింది, అంటే మూడో వంతు. రివ్యూ ఒక కార్డుకి చదివి ఇంకో కార్డు ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఎంతమందో! ల్యాప్‌టాప్‌లలో ఇంకా ఘోరం, డెస్క్‌టాప్ 5090లో 21,760 కోర్లుంటే ల్యాప్‌టాప్ 5090లో 10,496, నిజానికి అది డెస్క్‌టాప్ 5080లో వాడిన చిప్. లక్షలు పెట్టి కొనేవాళ్లకి ఈ ముక్క షాపులో ఎవరూ చెప్పరు.

ఈ ఒక్క పాయింటు ఉంచి, మిగతావి తీసేసి, ముఖ్యంగా ఆ 580 లైను తీసేసి పంపండి. అప్పుడు నేనూ పది గ్రూపుల్లో పెడతాను.