పంచె, పుట్టి, ఒక పెద్దమ్మ

మొన్న ఆదివారం సంగతి. మంట ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నా.

పాలమూరు నుంచి మక్తల్‌కు బస్సు, అక్కడి నుంచి ఆటో, కృష్ణ ఒడ్డున ఓ ఆశ్రమం. రాత్రి అక్కడ పడుకుని, పొద్దున్నే ఏరు దాటి కురువపురంలో శ్రీపాద శ్రీవల్లభుల దర్శనం చేసుకోవాలని ప్లాన్. ఆఫీసులో కూర్చున్నాయన "ఒక్కరే వచ్చిండ్రా? ఒక్కరికి రూమియ్యం" అన్నాడు. ఒంటరిగా వచ్చినవాడు దొంగో, ఇల్లొదిలి వచ్చినవాడో అయ్యుండాలని ఆయన లెక్క. ఒరిజినల్ ఆధార్ చేతిలో పెడితే జిరాక్స్ అడిగాడు. చుట్టూ చూస్తే పొలాలు, బర్రెలు. చివరికి హాల్లో ఓ చాప దొరికింది.

పొద్దున మళ్లీ ఆయనే: "ప్యాంటు మీద పోతరా? పంచె కట్టుకోండ్రి." పుట్టి బుద్ధెరిగాక నేను పంచె కట్టింది నా పెళ్లికొక్కసారే. అదీ పంతులు కట్టాడు. లుంగీలా చుట్టి, బొడ్డు దగ్గర దోపి బయల్దేరా.

కురువపురం ఏటి మధ్య లంక. అవతల కర్ణాటక. వెదురు తట్టకు తారు పూసిన పుట్టిలో దాటాలి. పుట్టికి ముందూ వెనకా ఉండవు. నడిమేట్లో తిరుగుతూ పోతుంది, ఎవరు ఎటు కూర్చున్నా అందరికీ అందరూ కనపడతారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఒడ్డు ఇంకో రెండు బారల దూరం ఉండగానే తొందరపడి లేచా. నేను లేచాను, పంచె లేవలేదు. దాని చెంగు మీద పక్కనున్న పెద్దమ్మ స్థిరంగా కూర్చుని ఉంది. నా చారల డ్రాయర్‌కు కృష్ణమ్మ గాలి తగిలింది. గబుక్కున కూర్చోబోతే పుట్టి ఒరిగింది. "ఓ సారూ, కదలకు! బోర్ల పడ్తది!" అని పుట్టాయన అరిచాడు. కూర్చుంటే పదిమంది ప్రాణాలు, నిలబడితే నా ఒక్కడి పరువు. పరువే పోనీ అని నిలబడ్డా. పుట్టేమో నెమ్మదిగా, ఏ దిక్కునూ చిన్నబుచ్చకుండా, నన్ను ఓ చుట్టు తిప్పి చూపించింది.

"నీదా బిడ్డా? మెత్తగున్నదని కూసున్న" అంది పెద్దమ్మ. ఒడ్డుకు చేరాక ఆమే గోచీ పోసి కట్టింది. "మా ముసలోనికి దినాం నేనే కడ్త" అని అందరికీ వినపడేలా చెప్పింది కూడా.

దర్శనం బాగా అయింది.

తిరిగొచ్చేసరికి ఆఫీసాయన తలెత్తకుండానే అడిగాడు: "జిరాక్స్ తెచ్చిండ్రా?"